ఇంటికి తగిన కుళాయి: నీటి సరఫరాను బట్టి ఎంపిక

కుళాయి కొనేటప్పుడు చాలామంది ముందుగా దాని ఆకారం, మెరుపు, పిడి చూస్తారు. అవి చూడదగినవే. అయితే ఆ కుళాయి ఇంట్లో బిగించాక ఎలా పనిచేస్తుందో తేల్చేవి గోడలోని పైపుకు సంబంధించిన మూడు విషయాలు: నీటికి ఎంత ఒత్తిడి ఉంది, ఆ నీటిలో ఇసుక, తుప్పు, సున్నం ఏ మేరకు ఉన్నాయి, నీరు రోజంతా వస్తుందా లేక కొన్ని గంటలే వస్తుందా. ఒకే రకం కుళాయి ఒక ఇంట్లో ధారాళంగా నీళ్లిస్తూ, పక్కింట్లో సన్నగా కారుతోందంటే అది కుళాయి లోపం కాకపోవచ్చు. అందువల్ల ఈ పోలికను సరఫరా పద్ధతులతో మొదలుపెట్టి, తరువాత కుళాయి లోపలి అమరికకు వస్తాను. ముందు నచ్చిన కుళాయి కొనేసి, దానికి సరిపడా ఒత్తిడి కోసం ఆ తరువాత పంపు పెట్టించుకోవడం అనవసరపు ఖర్చు అని నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఒత్తిడిని కొలవాలి

నీటి ఒత్తిడిని బార్లలో చెబుతారు. నిలువుగా సుమారు 10 మీటర్ల ఎత్తున నీరు నిలిచి ఉంటే, దాని అడుగున ఉండే ఒత్తిడి దాదాపు 1 బార్. ట్యాంకు ఎంత వెడల్పు, అందులో ఎన్ని వేల లీటర్లు పడతాయి అన్నవాటితో దీనికి సంబంధం లేదు. ట్యాంకులోని నీటి మట్టానికీ కుళాయికీ మధ్య ఉన్న ఎత్తు ఒక్కటే లెక్కకు వస్తుంది. ఈ సంగతి తెలియక, ఒత్తిడి చాలడం లేదని పెద్ద ట్యాంకు పెట్టించుకునేవారు ఉన్నారు. ట్యాంకు పెద్దదైతే నీరు ఎక్కువసేపు వస్తుంది, ధార మాత్రం పెరగదు.

కుళాయి కంటే 3 మీటర్ల ఎత్తులో నీటి మట్టం ఉంటే దక్కే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. కుళాయి పెట్టె మీద నిమిషానికి ఇన్ని లీటర్లు అని రాసి ఉండే అంకె సాధారణంగా 3 బార్ల వద్ద కొలిచినది. ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది కనుక, 3 బార్ల వద్ద నిమిషానికి 12 లీటర్లు ఇచ్చే కుళాయి 0.3 బార్ వద్ద 4 లీటర్ల కంటే కాస్త తక్కువే ఇస్తుంది. మొదటి చోట 50 సెకన్లలో నిండే 10 లీటర్ల బకెట్టు రెండో చోట నిండడానికి రెండున్నర నిమిషాలు దాటుతుంది. ఈ తేడాను ఎంత ఖరీదైన కుళాయి అయినా పూడ్చలేదు.

కొలవడం కష్టమైన పని కాదు. కొలత తెలిసిన బకెట్టును కుళాయి కింద పెట్టి, కుళాయిని పూర్తిగా తిప్పి, నిండడానికి పట్టిన సమయం చూసుకుంటే నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో తెలిసిపోతుంది. ఇంకొంచెం కచ్చితత్వం కావాలంటే, కుళాయి మూతికి మరతో బిగించే ప్రెజర్ గేజ్ ఒకటి తెచ్చుకోవాలి. దానితో రెండు రీడింగులు తీసుకోవాలి: ఇంట్లో ఎక్కడా నీరు వాడనప్పుడు ఒకటి, అదే లైనులోని మరో కుళాయి పూర్తిగా తిప్పి ఉంచి మరొకటి. మొదటి అంకె బాగుండి, రెండోది బాగా పడిపోతే లోపం సరఫరాలో లేదు, పైపుల్లో ఉంది. సన్నని పైపు, లోపల తుప్పు పేరుకున్న పాత ఇనుప పైపు, సగమే తెరుచుకున్న గేట్ వాల్వు (లోపలి పలకను పైకీ కిందికీ జరిపి నీటిని ఆపేది), అవసరానికి మించిన ఎల్బోలు, అంటే పైపు మలుపు ముక్కలు వంటివి అక్కడ వెతకాలి. ఒకే ప్రవాహానికి పైపులో కలిగే ఒత్తిడి నష్టం లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్ల నుంచి 20 మిల్లీమీటర్లకు పెరిగితే సుమారు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. ట్యాంకు నుంచి దిగే ప్రధాన పైపును ఒక సైజు పెద్దది వేయడం వల్ల కలిగే మేలు చాలా సందర్భాల్లో పంపు వల్ల కలిగే మేలుకు దీటుగా ఉంటుంది, పైగా దానికి కరెంటు అక్కర్లేదు.

నేరుగా వచ్చే నీరు, ట్యాంకు నీరు, పంపు నీరు

వీధి పైపు నుంచి నేరుగా కుళాయికి నీరు వచ్చే పద్ధతికి పెద్ద బలం నీటి శుభ్రత. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ కొంత నీటిలో మిగిలి ఉండి, దారిలో చేరే సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. నీరు ఇంటికి చేరే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నేరుగా వాడుకుంటే ఆ రక్షణ కుళాయి దాకా వస్తుంది. ఒత్తిడి కూడా సాధారణంగా ట్యాంకు కంటే మెరుగ్గా ఉంటుంది. దీని బలహీనత ఒక్కటే, కానీ అది పెద్దది: సరఫరా ఆగిన క్షణాన ఇంట్లో నీరు ఆగిపోతుంది. వేళల ప్రకారం నీరు వదిలే చోట మరో చిక్కు ఉంటుంది. ఖాళీగా ఉన్న పైపులోకి నీరు తిరిగి వచ్చేటప్పుడు ముందుగా గాలి, దానితోపాటు పైపు గోడలకు అంటుకున్న తుప్పు, అడుగున పేరుకున్న మట్టి కదిలి వస్తాయి. అలాంటి ఇళ్లలో నీరు వచ్చిన తొలి నిమిషాల్లో ఆరుబయట ఉన్న మామూలు కుళాయి ఒకదాన్ని తెరిచి ఆ మురికి నీటిని వదిలేశాకే లోపలి కుళాయిలు తెరవాలి. లోపలి కుళాయిలు ఎక్కువ కాలం మన్నడానికి ఇంతకంటే తేలికైన ఉపాయం నాకు తెలియదు.

ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే నీటికి నిలకడ ఉంది. వీధిలో నీరు ఉన్నా లేకున్నా, కరెంటు ఉన్నా లేకున్నా కుళాయి తిప్పితే నీరు వస్తుంది. ట్యాంకులోకి నీరు వచ్చే చోట ఉండే బాల్ కాక్, మట్టం పెరిగే కొద్దీ తేలే బంతితో తనంతట తానే లోపలి వాల్వును మూసేస్తుంది. అయితే నిలవ ఉన్న నీటిలో క్లోరిన్ క్రమంగా తగ్గిపోతుంది, ఎండ తగిలే ట్యాంకులో ఇంకా త్వరగా తగ్గుతుంది. మూత సరిగా లేకపోతే దోమలు, ఆకులు, పక్షుల రెట్టలు చేరతాయి. ట్యాంకుకు దగ్గరగా ఉండే పై అంతస్తులోనే ఒత్తిడి అన్నిటికంటే తక్కువ. పై అంతస్తు స్నానాల గదిలో షవర్ సరిగా రాకపోవడానికి అసలు కారణం ఇదే. ట్యాంకును మరో మీటరు ఎత్తు చేస్తే పెరిగేది 0.1 బార్. అది అంకెగా చిన్నదే అయినా 0.2 బార్ ఉన్న చోట అది సగం పెరుగుదల.

ప్రెజర్ పంపు ఈ లోటును తీరుస్తుంది. పంపు పక్కన ఉండే చిన్న ప్రెజర్ ట్యాంకులో రబ్బరు సంచికి ఒక పక్క నీరు, మరో పక్క నొక్కుకుపోయిన గాలి ఉంటాయి. కుళాయి తిప్పగానే ఆ గాలి నీటిని తోస్తుంది. ఒత్తిడి ఒక హద్దు కంటే తగ్గగానే స్విచ్ పంపును నడిపిస్తుంది, పై హద్దు చేరగానే ఆపేస్తుంది. అన్ని అంతస్తుల్లో ఒకే తీరు ధార కావాలంటే ఇదే సరైన మార్గం. దీనికి కరెంటు కావాలి, శబ్దం ఉంటుంది, నిర్వహణ ఉంటుంది. ఇంట్లో ఎక్కడైనా ఒక్క కుళాయి కారుతుంటే, అర్ధరాత్రి కూడా పంపు కాసేపటికోసారి మోగి ఆగుతూ ఉంటుంది. ఎవరూ నీరు వాడకుండానే పంపు తిరుగుతోందంటే, పంపును అనుమానించే ముందు కారే కుళాయిని, ఫ్లష్ ట్యాంకును వెతకాలి. వాటిలో లోపం లేకుండా, చిన్న గ్లాసు నీరు పట్టినా పంపు వెంటనే మోగుతుంటే ప్రెజర్ ట్యాంకులో గాలి తగ్గిపోయి ఉంటుంది.

పంపును వీధి పైపుకు నేరుగా బిగించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని. అలా లాగినప్పుడు వీధి పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గిపోవచ్చు. పైపు కీళ్లలో సన్నని పగుళ్లు ఉంటే చుట్టుపక్కల నేలలోని మురుగు వాటి గుండా లోపలికి చేరుతుంది. ఆ నీరు మన ఇంటికీ వస్తుంది, పొరుగు ఇళ్లకూ వెళుతుంది. పంపు ఎప్పుడూ మన సంపు నుంచో, మన ట్యాంకు నుంచో మాత్రమే నీరు తీసుకోవాలి.

ఈ మూడింటిలో ఒక్కదాన్నే ఎంచుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. తాగడానికి, వంటకు వాడే ఒక కుళాయిని వీధి లైనుకు నేరుగా కలిపి, మిగిలినవన్నీ ట్యాంకుకు కలపడం అన్నిటికంటే తెలివైన ఏర్పాటు. ఆ రెండు లైన్లూ ఎక్కడా కలవకూడదు. ట్యాంకు నీరు వెనక్కి వీధి పైపులోకి పోకుండా, ట్యాంకులోకి నీరు పడే గొట్టం చివర ఓవర్‌ఫ్లో మట్టం కంటే పైన ఉండాలి; నీటికీ గొట్టానికీ మధ్య ఉండే ఆ ఖాళీ జాగా నీటిని ఒక వైపే పోనిచ్చే ఏ నాన్ రిటర్న్ వాల్వు కంటే కూడా నమ్మదగిన రక్షణ. తోట పైపు చివరను మురికి నీటి బకెట్టులో ముంచి వదిలేయకూడదని చెప్పేదీ ఈ కారణానికే.

కుళాయి లోపల ఏముంది

అన్నిటికంటే పాతదీ, నేటికీ ఎక్కువ చోట్ల కనిపించేదీ మరతో దిగే వాషరు కుళాయి. ఇంగ్లాండులోని రోథర్‌హామ్ పట్టణంలో 1845లో దీనికి పేటెంటు తీసుకున్నారు. దీని అమరిక తెలుసుకుంటే మిగిలిన రకాలను అర్థం చేసుకోవడం తేలిక అవుతుంది కనుక, ఒక కుళాయిని విప్పి చూద్దాం. లైనులోని వాల్వు మూసి, కుళాయిలో మిగిలిన నీరు వదిలేసి, పిడి కింద ఉన్న పెద్ద నట్టును స్పానరుతో విప్పితే పై భాగం మొత్తం చేతిలోకి వస్తుంది. మధ్యలో మరలున్న ఇత్తడి కడ్డీ, అంటే స్పిండిల్ ఉంటుంది. దాని అడుగున చిన్న బిళ్ల, ఆ బిళ్లకు రబ్బరు వాషరు. కుళాయి ఒంటిలోకి చూస్తే గుండ్రని రంధ్రం, దాని చుట్టూ కాస్త పైకి లేచిన అంచు కనిపిస్తాయి. ఆ అంచునే సీటు అంటారు. పిడి తిప్పినప్పుడు మర వెంట స్పిండిల్ కిందికి దిగి వాషరును సీటు మీద అదుముతుంది. కొంతకాలం వాడిన వాషరును తిరగేసి చూస్తే సీటు అంచు పడిన గుండ్రని గాడి స్పష్టంగా కనబడుతుంది. ఆ గాడి ఒక పక్క తెగి ఉంటే నీరు కారేది అక్కడి నుంచే.

నీరు ఎప్పుడూ వాషరు కింది నుంచి పైకి వస్తుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రం మీద 3 బార్ల ఒత్తిడి ఉంటే అది వాషరును పైకి తోసే బలం సుమారు మూడున్నర కిలోల బరువుకు సమానం. చేత్తో ఆ బలాన్ని ఎదిరించడం సాధ్యమవుతోందంటే అది మర వల్లనే. మర నెమ్మదిగా దిగుతుంది కనుక నీరు క్రమంగా ఆగుతుంది, ధారను సన్నగానో లావుగానో పెట్టుకోవడానికి ఈ రకం అనువుగా ఉంటుంది. వాషరు అరిగిపోతే మార్చడానికి పట్టేది కొన్ని నిమిషాలు. వాషరు ఏ కంపెనీది అన్న పట్టింపు పెద్దగా లేదు, సైజు సరిపోతే చాలు. చిన్న ఇసుక రేణువు సీటు మీద పడినా మెత్తని రబ్బరు కొంతవరకు సర్దుకుంటుంది.

దీని లోపమంతా వాడే చేతిలో ఉంది. చుక్క కారుతోందని గట్టిగా బిగిస్తారు. బిగించే కొద్దీ వాషరు ఇంకా నలుగుతుంది. మరింత గట్టిగా బిగిస్తారు. చివరకు వాషరు చిరిగి, దాని వెనుక ఉన్న లోహం సీటును గీకేస్తుంది. అప్పుడు కొత్త వాషరు వేసినా కారడం ఆగదు, సీటును నునుపు చేసే పనిముట్టుతో అరగదీయాల్సి వస్తుంది. నీరు ఎక్కడి నుంచి కారుతోందో గమనిస్తే లోపం ఏదో తెలుస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు మూతి నుంచి కారితే వాషరు, లేదా సీటు. తిప్పి ఉన్నప్పుడు మాత్రమే పిడి మొదట్లో నుంచి ఉబికితే స్పిండిల్ చుట్టూ ఉండే ఓ-రింగు, లేదా పాతవాటిలో గ్లాండు ప్యాకింగు, అంటే స్పిండిల్ చుట్టూ కుక్కిన మెత్తని పదార్థం. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి, చుక్కకు పావు మిల్లీలీటరు అనుకుంటే, రోజుకు 21 లీటర్లకు పైగా వృథా చేస్తుంది. ఒక వాషరు ఖర్చుతో ఆపగలిగిన నష్టాన్ని నెలల తరబడి సాగనివ్వడం ఎవరికీ తగదు.

క్వార్టర్ టర్న్ కుళాయి లోపల వాషరు ఉండదు. రెండు గుండ్రని సెరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఇవి అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసినవి, ఇసుక కంటే కూడా గట్టివి. కింది బిళ్ల కదలదు, పై బిళ్ల పిడితో పాటు తిరుగుతుంది. రెండింటిలోని రంధ్రాలు ఎదురెదురుగా వస్తే నీరు వస్తుంది, పక్కకు తొలగితే ఆగుతుంది. బిళ్లల ముఖాలు ఎంత సమంగా సానపట్టి ఉంటాయంటే వాటి మధ్య నీరు దూరే సందే ఉండదు. పావు వంతు తిప్పితే చాలు కనుక, వేళ్లలో బలం తగ్గిన వృద్ధులకు, కీళ్ల నొప్పులున్నవారికి, పిల్లలకు దీన్ని మించినది లేదు. మోచేత్తో తోసే పొడవైన పిడి కావాలన్నా ఇందులోనే తీసుకోవాలి. గట్టిగా బిగించాల్సిన అవసరమే లేదు కనుక, పైన చెప్పిన దురలవాటుకు ఇక్కడ చోటు ఉండదు.

ఇసుక కంటే గట్టివైనా, ఈ బిళ్లలకు మురికి నీరు పడదు. రేణువు రెండు ముఖాల మధ్య ఇరుక్కుని బిళ్ల అంచు పెచ్చు లేచినా, బిళ్లల కింద ఉండే రబ్బరు సీలు చెడినా, నీటిలోని సున్నం పేరుకుని పిడి బిగుసుకుపోయినా లోపలి కార్ట్రిడ్జ్ (బిళ్లలు, సీలు అమర్చి ఉండే విడి భాగం) మొత్తాన్ని మార్చాలి. ఇక్కడే కొనుగోలుదారు జాగ్రత్తపడాలి. కార్ట్రిడ్జ్ పొడవు, పిడి కూర్చునే చోట పళ్ల సంఖ్య, తిరిగే దిశ ఒక కంపెనీకీ మరో కంపెనీకీ కలవకపోవచ్చు. పైకి ఒకేలా కనిపించే వాటిలో ఒక దానికి 20 పళ్లు, మరో దానికి 24 పళ్లు ఉండవచ్చు. అందువల్ల కుళాయి కొనే రోజునే దాని కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందో లేదో అడగాలి, దొరికితే ఒకటి అదనంగా తీసి ఉంచుకోవాలి. విడి భాగం దొరకని కుళాయిని ఎంత అందంగా ఉన్నా కొనవద్దనే చెబుతాను.

మూడో రకం బాల్ వాల్వు. మధ్యలో రంధ్రమున్న లోహపు గుండు, దాని రెండు పక్కలా టెఫ్లాన్ సీట్లు, పైన పావు వంతు తిరిగే పిడి. పూర్తిగా తెరిస్తే నీటికి అడ్డు దాదాపు ఏమీ ఉండదు కనుక తక్కువ ఒత్తిడి ఉన్న చోట, డ్రమ్ములు, తొట్లు త్వరగా నింపుకోవాల్సిన చోట, ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర ఇది ఎంతో ఉపయోగకరం. దీన్ని సగం తెరిచి వాడటం మంచిది కాదు, వేగంగా పోయే నీరు సీటు ఒక పక్కను కోసేస్తుంది. గేట్ వాల్వుకూ ఇదే నియమం వర్తిస్తుంది. పైగా గేట్ వాల్వు ఏళ్ల తరబడి తాకకుండా ఉంటే బిగుసుకుపోయి, అవసరమైన రోజున మూసుకోదు. లైను కట్టేయడానికి కొత్తగా వాల్వు వేయించేటప్పుడు బాల్ వాల్వుకే నా ఓటు.

పావు వంతు తిప్పుతో కట్టే కుళాయిలకు ఒక ఇబ్బంది ఉంది. 15 మిల్లీమీటర్ల పైపులో నిమిషానికి 12 లీటర్లు పోతుంటే నీటి వేగం సెకనుకు 1 మీటరు దాటుతుంది. అంత వేగంతో పోయే నీటి వరుస ఒక్కసారిగా ఆగిపోతే లోహపు పైపులో 10 బార్లకు మించిన ఒత్తిడి అల పుట్టగలదు. గోడలో ‘ఢబ్’ మని వినిపించే చప్పుడు అదే. ఈ ఒత్తిడిని లెక్కగట్టే సూత్రాన్ని రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ 1898లో ప్రకటించారు. ఇంట్లో చేత్తో కట్టే కుళాయి అంత తక్షణంగా మూసుకోదు కనుక దెబ్బ అంతకంటే తక్కువే ఉంటుంది. వాషింగ్ మెషీన్‌లో కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వు మాత్రం రెప్పపాటులో మూసుకుంటుంది. ఒత్తిడి ఎక్కువగా ఉన్న ఇంట్లో ఈ చప్పుడు తరచుగా వినిపిస్తుంటే పైపులను గోడకు క్లాంపులతో గట్టిగా పట్టించాలి, 5 బార్లు దాటిన చోట ప్రెజర్ తగ్గించే వాల్వు పెట్టించాలి. ట్యాంకు నుంచి దిగే తక్కువ ఒత్తిడి నీటితో ఈ బెంగ పెద్దగా అవసరం లేదు.

వేడినీరు, చల్లనీరు కలిపే కుళాయిలు

ఒకే పిడితో రెండు నీళ్లనూ కలిపే సింగిల్ లివర్ మిక్సర్‌ను అమెరికాకు చెందిన అల్ మోయెన్ రూపొందించగా, అది 1947లో అమ్మకానికి వచ్చింది. పిడి పైకెత్తితే ధార పెరుగుతుంది, పక్కకు తిప్పితే వేడి మారుతుంది. ఒక చేతిలో పాత్ర ఉండగా రెండో చేత్తో వాడుకోవచ్చు కనుక వంటగదికి ఇది బాగా నప్పుతుంది. అయితే దీని కార్ట్రిడ్జ్‌లో నీరు పోయే దారులు ఇరుకు. 0.3 బార్ వంటి ఒత్తిడికి ఇది నిరాశే మిగులుస్తుంది. తక్కువ ఒత్తిడికి పనికి వస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన మోడలునే అలాంటి చోట తీసుకోవాలి. లేదంటే రెండు విడి పిడులున్న పాత తరహా మిక్సర్ మేలు, అందులో దారులు విశాలంగా ఉంటాయి.

రెండు లైన్ల ఒత్తిడీ ఒకేలా ఉండాలన్నది మరో షరతు. చల్లనీరు వీధి లైను నుంచి 3 బార్లతో, వేడినీరు ట్యాంకు మీద ఆధారపడిన గీజరు నుంచి 0.3 బార్‌తో వస్తుంటే, బలమైన చల్లనీరు మిక్సర్‌లో నుంచి వేడి లైనులోకి ఎదురెక్కుతుంది. ఎంత తిప్పినా గోరువెచ్చని నీరు కుదరదు. రెంటినీ ఒకే చోటు నుంచి తీసుకోవడం దీనికి సరైన పరిష్కారం.

షవర్‌కు థెర్మోస్టాటిక్ మిక్సర్ ఖర్చు ఎక్కువే అయినా, చిన్నపిల్లలూ వృద్ధులూ ఉన్న ఇంట్లో అది సౌకర్యం కాదు, భద్రత. వేడినీటి ట్యాంకులో లెజియొనెల్లా వంటి బాక్టీరియా పెరగకుండా నీటిని 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచమంటారు; అదే 60 డిగ్రీల నీరు చర్మాన్ని కొద్ది సెకన్లలోనే తీవ్రంగా కాల్చగలదు. థెర్మోస్టాటిక్ మిక్సర్‌లో ఉండే మైనం గుళిక వేడికి వ్యాకోచించి వేడినీటి దారిని తగ్గిస్తుంది, చల్లనీరు ఆగిపోతే వేడినీటినీ ఆపేస్తుంది.

చేయి చాపితే నీరిచ్చే సెన్సర్ కుళాయిలు చాలామంది వాడే చోట్లకు తగినవి. ఇంట్లో బకెట్టు నింపుకోవడానికి, పాత్రల్లో నీరు పట్టుకోవడానికి అవి అడ్డంకిగా మారతాయి. బ్యాటరీ అయిపోతే కుళాయి పనిచేయదు.

మూతి దగ్గరి జాలీ, కుళాయి లోహం

కుళాయి మూతికి మరతో బిగించి ఉండే ఏరేటర్ నీటిలో గాలిని కలిపి, తక్కువ నీటితోనే నిండైన, చిందని ధారను ఇస్తుంది. కొన్నిటిలో ఉండే రబ్బరు రింగు ఒత్తిడి పెరిగే కొద్దీ ఉబ్బి దారిని ఇరుకు చేసి, ప్రవాహం ఒక హద్దు దాటకుండా చూస్తుంది. మంచి ఒత్తిడి ఉన్న చోట ఇది నీటిని గణనీయంగా ఆదా చేస్తుంది, తప్పక ఉండాల్సిన భాగం. తక్కువ ఒత్తిడిలో మాత్రం గాలిని పీల్చేంత వేగం నీటికి ఉండదు కనుక అది ఉత్త అడ్డంకి అవుతుంది. అక్కడ దాన్ని తీసేయవచ్చు, లేదా వెడల్పు కన్నాల జాలీ పెట్టవచ్చు. ఇదివరకు బాగా వచ్చే ధార ఒక్క కుళాయిలో మాత్రమే తగ్గితే మొదట విప్పాల్సింది దీన్నే. ఇసుక రేణువులు, తుప్పు పొరలు, తెల్లని సున్నపు పెచ్చులు అందులో చిక్కుకుని ఉంటాయి. వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పాత పళ్ల బ్రష్షుతో తోమితే చాలావరకు మునుపటిలా అవుతుంది.

లోహం విషయానికి వస్తే, ఇత్తడితో పోతపోసిన కుళాయి బరువుగా ఉంటుంది, మరలు చెడవు, దశాబ్దాలు మన్నుతుంది. జింకు మిశ్రమంతో చేసినది క్రోమియం పూత కింద అచ్చం ఇలాగే మెరుస్తుంది కానీ, పూత లేచిన చోట త్వరగా క్షయిస్తుంది, మర దగ్గర విరుగుతుంది. చేతిలో పట్టుకుని బరువు పోల్చడం, మూతి లోపల, మరల దగ్గర పసుపు రంగు లోహం కనిపిస్తుందేమో చూడటం కొనేటప్పుడు చేయగల పరీక్షలు. ఇత్తడిలోనూ ఒక జాగ్రత్త ఉంది. పనితనం కోసం అందులో కొద్దిగా సీసం కలుపుతారు, ఆ సీసం నిలవ ఉన్న నీటిలోకి కొంత దిగుతుంది. అందుకే తాగునీటి కుళాయికి తక్కువ సీసం ఉన్నదని ధ్రువీకరించిన ఇత్తడిని, లేదా స్టెయిన్‌లెస్ స్టీలును ఎంచుకోవాలి. రాత్రంతా కుళాయిలో నిలిచిన నీటిని తెల్లవారాక మొక్కలకో, గిన్నెలు కడగడానికో పట్టి, ఆ తరువాతి నీటిని తాగాలి. ఉప్పునీటికి, గాఢమైన సున్నపు నీటికి మంచి రకం ప్లాస్టిక్ కుళాయి లోహం కంటే నయం, తుప్పు పట్టదు. దాన్ని వేడినీటికి వాడకూడదు, మరను చేతి బలానికి మించి బిగించకూడదు.

నేనైతే ఇలా పంచుకుంటాను. ఆరుబయట, తోటలో, మట్టి కలిసే నీరు వచ్చే లైనులో వాషరు కుళాయి. వాష్ బేసిన్‌కు, సింకుకు, వృద్ధులు వాడే ప్రతి చోటా క్వార్టర్ టర్న్, అయితే ఆ లైను మొదట్లో కడగడానికి వీలైన జాలీ ఫిల్టరు ఒకటి ఉండాలి. బకెట్టు నింపే కుళాయికి ట్యాంకు ఒత్తిడి తక్కువైతే పూర్తి రంధ్రమున్న బాల్ వాల్వు రకం. 1 బార్ కంటే ఎక్కువ ఒత్తిడి, రెండు లైన్లలోనూ సమానంగా ఉందని గేజ్ చూపిన తరువాతే సింగిల్ లివర్ మిక్సర్. ప్రతి గదికీ విడిగా లైను కట్టేసే వాల్వు ఉండాలి, ఆ వాల్వులను ఏడాదికి రెండు మూడు సార్లైనా మూసి తెరుస్తుండాలి.

కొత్త కుళాయి బిగించే ముందు పైపులో నీటిని కాసేపు ధారగా వదిలి, పని చేసేటప్పుడు లోపల పడిన ముక్కలను బయటకు పోనివ్వాలి. సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు తొలి రోజే పాడయ్యేది ఈ ముక్కల వల్లనే. మర మీద టెఫ్లాన్ టేపును అది బిగిసే దిశలోనే చుట్టాలి. బిగించిన తరువాత ఇంట్లోని కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి నీరు పోవడం లేదని చూసుకుని, నీటి మీటరు అంకెను రాసుకుని అరగంట తరువాత మళ్లీ చూడాలి. మీటరు లేని ఇంట్లో గేజ్‌ను కుళాయికి తగిలించి, ఒత్తిడి ఎక్కిన తరువాత లైను వాల్వు మూసి, ముల్లు నిలకడగా ఉందో దిగుతోందో గమనించాలి. మీటరు కదిలినా, ముల్లు దిగినా, గోడకు ప్లాస్టరింగ్ చేయించక ముందే ఆ లీకును వెతికి పట్టుకోవాలి.